నా తమ్ముడిది ప్రేమే, మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా

ఒంటి మీద కోరిక లేకపోతే ప్రేమే లేనట్టట! ఇందాక బెంగళూరు మారతహళ్ళిలో బంధువులింట్లో, కంచం ముందు కూర్చోబెట్టి నా తమ్ముడికి చెప్పిన తీర్పు ఇది. వాడిని అడిగే రాస్తున్నాను. వాడు ఏసెక్సువల్, అంటే ఎవరి మీదా లైంగిక కోరిక కలగదు. ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నాడు, పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాడు. ఆ అమ్మాయికి మొదట్లోనే అంతా చెప్పాడు, ఆమె సరేనంది. పిల్లల సంగతేంటని గుచ్చి గుచ్చి అడిగితే మావాళ్ళకీ నిజమే చెప్పాడు. అంతే, మా బావగారు అందుకున్నారు. "అది ప్రేమ కాదురా, ఫ్రెండ్షిప్. డాక్టరుకి చూపించుకో. అసలు మగాడివేనా?" చిన్నపిల్లలు వింటుండగా అన్న మాట ఇది.

ఫ్రెండుకి జ్వరమొస్తే మాత్ర వేసుకోమని మెసేజ్ పెడతాం బావగారూ. వీడు ఎలక్ట్రానిక్ సిటీలో డ్యూటీ దిగి, రూముకొచ్చి మిరియాల చారు కాచి, ఫ్లాస్కులో పోసుకుని, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో పడి కేఆర్ పురం దాకా వెళ్ళాడు. ఆమె ఫోన్ ఎత్తకపోతే వీడికి ముద్ద దిగదు. ఇంకో అబ్బాయిని తెగ మెచ్చుకుంటే మొహం మాడిపోతుంది. ఆమె చెయ్యి పట్టుకుని నడవాలని, ముసలితనం దాకా ఒకే ఇంట్లో ఉండాలని వాడి ఆశ. ఇది ప్రేమ కాకపోతే ఇంకేది ప్రేమ?

చాలామందిలో కోరిక, ప్రేమ రెండూ కలిసే వస్తాయి కాబట్టి ఒకటే అనుకుంటారు. కావు. లీసా డైమండ్ అనే అమెరికా సైకాలజిస్టు 2003లోనే రాశారు, లైంగిక కోరిక దారి వేరు, ప్రేమ దారి వేరు అని. ప్రేమకు మూలం తల్లీబిడ్డల మధ్య ఉండే అనుబంధం లాంటిదని, అందుకే కోరిక లేకుండా కూడా ప్రేమ పుట్టొచ్చని ఆవిడ వాదన. ఇక డాక్టరంటారా, మానసిక జబ్బుల్ని గుర్తించడానికి సైకియాట్రిస్టులు చూసే పుస్తకం డీఎస్ఎమ్-5లో 2013 నుంచీ ఉంది. మొదటి నుంచీ కోరిక లేని మనిషి తాను ఏసెక్సువల్‌నని చెప్పుకుంటే దాన్ని జబ్బుగా రాయకూడదు. ఉన్న కోరిక పోయిందని బాధపడేవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వీడికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతే. వీడి బాధంతా మీ నోటితోనే.

అసలు ప్రేమ గురించి మాట్లాడే హక్కు మా ఇంటి పెద్దలకి ఎక్కడిది? మా పిన్ని కూతురి సంగతి మర్చిపోయారా? దానికి ఒకతని మీద శారీరక ఆకర్షణ ఉండేది, అంతవరకే. "వాడితో జీవితాంతం ఉండలేను, నాకు వాడి మీద ప్రేమ లేదు" అని అందరి ముందూ నోరు విప్పి చెప్పింది. ఎవరు విన్నారు? పరువు పోతుందని లవ్ మ్యారేజ్ అని పేరు పెట్టి, నెల తిరక్కుండా తాళి కట్టించేశారు. లేదు మొర్రో అన్న పిల్లకి ప్రేమ అంటగట్టినవాళ్ళే, ఉందని చెప్పే పిల్లాడికి లేదంటున్నారు.

ఇప్పుడు ఆ ఇంట్లో అతను హాల్లో టీవీ ముందు తింటాడు, అది వంటగట్టు దగ్గర నిలబడి తింటుంది. మాటల్లేవు. ఆ పెళ్ళి మాటలప్పుడు అందరికన్నా గట్టిగా "అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నది కూడా ఈ బావగారే. ఇన్నేళ్ళలో ఒక్కసారి దానికి ఫోన్ చేసి "ఎలా ఉన్నావమ్మా" అని అడిగిన పాపాన పోలేదు.