చేయి పట్టి గీయించే కళ

వేర్వేరు అవసరాలు, వేర్వేరు సామర్థ్యాలు ఉన్న విద్యార్థులందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, రెండు గంటల్లో కళాకారులుగా తీర్చిదిద్దే సామూహిక చిత్రకళా శిబిరాల నిర్వహణలో నాకు చెప్పుకోదగ్గ అనుభవం ఉంది. ఆ అనుభవసారాన్ని భావి నిర్వాహకులకు అందించకపోవడం ద్రోహమవుతుంది. శిబిరానికి అత్యవసరమైన వస్తువు రంగూ కాదు, కుంచే కాదు, బ్యానరు. దానిమీద ‘అందరికీ కళ’ అని పెద్దక్షరాలతో రాయించి గుమ్మం పైన కట్టిస్తే, గుమ్మం ముందున్న మూడు మెట్లు ఇక ఎవరి కంటికీ ఆనవు, చక్రాల కుర్చీలో వచ్చిన అమ్మాయికి తప్ప.

బ్యానరు తరువాత సీతాకోకచిలుక. సృజనకు హద్దులుండరాదని ప్రారంభోపన్యాసంలో సెలవిచ్చేసరికే, హద్దులు గీసిన సీతాకోకచిలుక కాగితాలు బల్లల మీద సిద్ధంగా ఉండాలి. ఆ ఉపన్యాసం మైకులోనే సాగాలి. చెవులు రెండూ మూసుకుని ఊగిపోతున్న పిల్లవాడు ఎవరైనా కనిపిస్తే, ఉత్సాహం పట్టలేకపోతున్నాడని గ్రహించాలి.

ఇక్కడ కొందరు నిపుణులు అడ్డు తగులుతారు. పట్టు బలహీనంగా ఉన్నవారికి కుంచె కాడ చుట్టూ స్పాంజి గొట్టం తొడగమంటారు. ఒంటిచేత్తో గీసేవారికి కాగితం జారకుండా బల్లకు అంటించమంటారు. చూపు లేనివారికి జిగురుతో గీతలు గీసి ఆరనిస్తే అవి ఉబ్బెత్తుగా నిలిచి వేళ్లకు తెలుస్తాయంటారు. తడి రంగు తాకితే ఓర్చుకోలేనివారికి దాన్ని మూతి బిగించిన ప్లాస్టిక్ సంచిలో పోసి పైనుంచి నొక్కనివ్వమంటారు. ఇవన్నీ పావుగంట పనులే, పెద్దగా ఖర్చూ ఉండదు. నా అభ్యంతరం కూడా అదే: స్పాంజి గొట్టాన్ని ఎవరి చేత ప్రారంభింపజేస్తాం?

మా పద్ధతి సరళమైనది. పిల్లవాడి గుప్పిట్లో కుంచె పెట్టి, ఆ గుప్పిటి మీద వాలంటీరు తన చేయి వేసి, రెక్కలకు రంగు నింపేస్తుంది. చూపు, వినికిడి రెండూ కొరవడిన పిల్లలకు బోధించేవారు మాత్రం, మన చేయి పిల్లల చేతి కింద ఉండాలని, అప్పుడు ఇష్టం లేకపోతే వాళ్లు చేయి తీసేసుకోగలరని వాదిస్తారు. అలా తీసేసుకోనిస్తే గోడకు తగిలించడానికి ఏం మిగులుతుంది?

మొన్నటి శిబిరంలో ఒక కుర్రవాడు సీతాకోకచిలుక వైపు కన్నెత్తి చూడలేదు. కాగితాలు అంటించే టేపు చుట్ట ఒకటి సంపాదించి, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చర్రుమనిపించి, ఆ చప్పుడు పూర్తిగా విన్న తరువాతే ముక్క తెంపి, బల్ల అంచున అంటిస్తున్నాడు. ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడు సందు, ఒక్కచోట కూడా తప్పలేదు. వాలంటీరు వచ్చి, వృథా అవుతోందని టేపు తీసేసుకుని, కుంచె పట్టించింది. కుంచె కదులుతున్నంతసేపూ వాడి చూపు టేపు మీదే ఉంది. సీతాకోకచిలుక మాత్రం అద్భుతంగా వచ్చింది. రాకేం, ఆ వాలంటీరు చిత్రకళలో పట్టా పుచ్చుకున్న మనిషి.

ఈ సందర్భంలో ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ పేరు ఎత్తేవారున్నారు. 1941లో పెద్ద శస్త్రచికిత్స జరిగిన తరువాత ఆయన ఎక్కువగా మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమై, కత్తెరతో రంగు కాగితాలు కత్తిరించి బొమ్మలు కూర్చాడు. సహాయకులు కాగితాలకు రంగు పూసి, ముక్కలను ఆయన చూపించినచోట గుచ్చేవారు. ఆయన చూపించినచోట! అంత చొరవలేని సహాయకులు మా శిబిరంలో ఒక పూట కూడా నిలవరు.

అంతకంటే ఇబ్బందికరమైన ఉదాహరణ అమెరికా శిల్పి జుడిత్ స్కాట్. 1943లో డౌన్ సిండ్రోమ్‌తో పుట్టి, వినికిడి లేక, దశాబ్దాలపాటు సంరక్షణాలయాల్లో గడిపిన ఆవిడ 1987లో ఓక్లాండ్‌లోని క్రియేటివ్ గ్రోత్ కళాకేంద్రానికి వచ్చింది. దాదాపు రెండేళ్లు దేనిమీదా పెద్దగా ఆసక్తి చూపలేదు. తరువాత నూలు చేతికి అందింది. వస్తువులను దారాలతో చుట్టి చుట్టి, 2005లో కన్నుమూసేదాకా శిల్పాలు చేస్తూనే ఉంది. అవి న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం దాకా వెళ్లాయి. మా శిబిరంలో ఉపన్యాసాలు పోను మిగిలేది నలభై నిమిషాలు. ఆవిడ మా దగ్గరికే వచ్చి ఉంటే ఆ రెండేళ్లూ వృథా కానిచ్చేవాళ్లమా? మొదటిరోజే సీతాకోకచిలుక వేయించి పంపేవాళ్లం.

సాయంత్రం ఫ్రేము కట్టిన బొమ్మను ఆ కుర్రవాడి తల్లి చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ఎవరు వేశారండీ?” అని అడిగింది. కింద పేరు ఉంది కదమ్మా అని వేలు పెట్టి చూపించాను. ఆ పేరు రాసిందీ వాలంటీరే.