గుండు సున్నా చూపించిన ఆఫర్ లెటర్ గారికి

మహారాజశ్రీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫర్ లెటర్ గారి దివ్యసముఖమునకు,

నమస్కారాలు. చదువుకు కాలేజీ ఎంత సాయం చేస్తుందో చెప్పడానికి తమరు నిన్న పోర్టల్‌లోకి వేంచేశారు. క్లిక్ చేయగానే తెర నిండా రంగుకాగితాలు రాలాయి. వాటి కింద అభినందనలు, ఆ కింద ఓ పట్టిక, పట్టిక అడుగున 'ఇంకా చెల్లించవలసినది: 0 డాలర్లు'. అమెరికాలో ప్రైవేట్ యూనివర్సిటీ, మెడికల్ స్కూల్‌కు ముందు చదివే ప్రీ-మెడ్ డిగ్రీ, ఏడాదికి 72,000 డాలర్ల ఖర్చు, కట్టాల్సింది మాత్రం గుండు సున్నా! ఇంతటి ధర్మప్రభువుల పట్టికను పైపైన చూసి వదిలేస్తే పాపం తగులుతుంది కాబట్టి, కాస్త వివరంగానే చదివాం.

మొదటి వరసలో ప్రెసిడెన్షియల్ స్కాలర్‌షిప్ 24,000. సంతోషం. రెండో వరసలో 'ఫెడ్ డైరెక్ట్ సబ్' 3,500. మూడో వరసలో 'ఫెడ్ డైరెక్ట్ అన్‌సబ్' 2,000. తర్వాత వర్క్-స్టడీ 3,000. ఆ తర్వాత ఒంటరిగా 'ప్లస్' అనే మాట, దాని ఎదురుగా 20,000. చిట్టచివర 'ఇతర ఆర్థిక వనరులు' 19,500. అన్నీ కూడితే సరిగ్గా 72,000. కూడికలో తమరికి నూటికి నూరు మార్కులు వేయాల్సిందే.

అయ్యా, ఇందులో మీరిచ్చేది మొదటి వరస ఒక్కటే. 'సబ్' అన్నా 'అన్‌సబ్' అన్నా పిల్లల పేరు మీద ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అప్పే. మిగతా 48,000 మేం కట్టేదే. కొంత ఇప్పుడు, కొంత వడ్డీతో తర్వాత. పెళ్లిలో మన డబ్బే కవర్లో పెట్టి మన చేతికే చదివించి, మైకులో తన పేరు చెప్పించుకునే చుట్టాన్ని చూశాం గానీ, ఆ కవరు మీద వడ్డీ కూడా వసూలు చేసే చుట్టాన్ని ఇప్పుడే చూస్తున్నాం.

ఆ 'ప్లస్' సంగతి చూద్దాం. దాని పూర్తి పేరు పేరెంట్ ప్లస్ లోన్. పిల్లల పేరు మీద కాదు, తల్లి పేరు మీదో తండ్రి పేరు మీదో వచ్చే అప్పు. దరఖాస్తు వేరే, క్రెడిట్ చెక్ వేరే. అది మంజూరవుతుందో లేదో తెలియకుండానే పట్టికలో వేసేశారు. 2025-26లో దాని వడ్డీ 8.94 శాతం. చేతికి రాకముందే 4.228 శాతం ఫీజు కోసుకుంటారు. అంటే 20,000కు సంతకం పెడితే కాలేజీకి చేరేది 19,154, కట్టాల్సింది మాత్రం 20,000 మీద. డబ్బు విడుదలైన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. డిగ్రీ అయ్యేదాకా కట్టకుండా వాయిదా వేసుకోవచ్చు, కాదనం. కానీ అలా వాయిదా వేస్తే మొదటి ఏడాది అప్పు ఒక్కదాని మీదే పట్టా పుచ్చుకునే నాటికి 6,000 డాలర్ల పైచిలుకు వడ్డీ పోగవుతుంది. ఇవన్నీ పట్టాలంటే చోటు కావాలి, నిజమే. ఆ రంగుకాగితాలు రాలిన చోట పట్టేవి.

ఇంకో ముచ్చట. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు పేరెంట్ ప్లస్ మీద పరిమితి పెట్టారు. ఒక్కో విద్యార్థికి ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000. ఏడాది పరిమితి తమరికి బాగానే గుర్తుంది, సరిగ్గా 20,000 వేశారు. మొత్తం పరిమితి సంగతే మరిచారు. మూడేళ్లకు 60,000 అయిపోతే నాలుగో ఏట మిగిలేది 5,000. ఆ ఏడాది పట్టికలో 15,000 డాలర్ల గుంత పడుతుంది. అప్పుడు దాన్ని కూడా 'ఇతర ఆర్థిక వనరులు' అనే మట్టితోనే పూడుస్తారు కాబోలు.

ఆ 'ఇతర వనరులు' అంటే బ్యాంకులిచ్చే ప్రైవేట్ లోన్. హామీగా సంతకం పెట్టే కో-సైనర్ కావాలి, వడ్డీ మన క్రెడిట్ స్కోరును బట్టి. ఫెడరల్ అప్పులకుండే మాఫీ పథకాలు దానికి వర్తించవు. లాభాపేక్ష లేని ఆస్పత్రిలో పదేళ్లు పనిచేసి పీఎస్‌ఎల్‌ఎఫ్ అనే ఫెడరల్ పథకం కింద అప్పు మాఫీ చేయించుకోవాలని చాలామంది డాక్టర్లు లెక్కలు వేసుకుంటారు కదా, ఆ లెక్కలోకి ఇది రాదు. వనరట! గోదావరి జలాలేమో అనుకోవాలి.

ఇక మన ఇళ్లలో సర్వసాధారణమైన కేసు. అమ్మాయి ఇక్కడే పుట్టింది, సిటిజన్. అమ్మానాన్నలు హెచ్-1బి మీద గ్రీన్ కార్డు క్యూలో ఉన్నారు. అమ్మాయి ఫెడరల్ సాయానికి పెట్టే దరఖాస్తు, అదే ఫాఫ్సా, నింపొచ్చు, తన పేరు మీద ఫెడరల్ లోన్ తీసుకోవచ్చు. పేరెంట్ ప్లస్ తీసుకోవాలంటే మాత్రం తల్లో తండ్రో సిటిజన్ అయినా కావాలి, గ్రీన్ కార్డున్న వాళ్లయినా కావాలి. హెచ్-1బి వాళ్లకు ఆ అప్పే పుట్టదు. అయినా పట్టికలో 20,000 వెలుగుతూనే ఉంటుంది. పుట్టని అప్పును ఖర్చులోంచి తీసేసి సున్నా చూపించడానికి ఎంత గుండె ధైర్యం ఉండాలి నీకు?

ఇక్కడి నుంచి 'మీరు' అనడం మా వల్ల కాదు. ఏమీ అనుకోకు.

నీ ఒక్కడి తప్పని కూడా అనలేం, మీ వంశమే అంత. 2018లో న్యూ అమెరికా, యూఆస్పైర్ అనే సంస్థలు ఇలాంటి ఉత్తరాలను వందల్లో తెప్పించి చదివితే, ఒక్క అన్‌సబ్సిడైజ్డ్ లోన్‌నే, అదే నీ 'అన్‌సబ్'నే, 136 రకాలుగా రాశారని తేలింది. వాటిలో 24 చోట్ల అది అప్పని చెప్పే మాటే లేదు. 2022లో ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం, అదే జీఏఓ, చూసి చెప్పిందేమిటంటే, దాదాపు 91 శాతం కాలేజీలు అసలు ఖర్చు ఎంతో చెప్పనే చెప్పవు, లేదా తగ్గించి చెబుతాయి. విద్యాశాఖ ఒక నమూనా పత్రం తయారుచేసి పెట్టింది, దాని పేరు కాలేజ్ ఫైనాన్సింగ్ ప్లాన్. అందులో గ్రాంట్లు ఒకచోట, అప్పులు వేరొకచోట ఉంటాయి. వాడమని బలవంతం లేదు కాబట్టి నీలాంటి వాళ్లు దాని జోలికి పోరు.

పోనీ, ఆ 24,000 అయినా నిలకడగా ఉంటుందా? స్కాలర్‌షిప్ అంకె కదలదు, ఫీజు ఏటా పెరుగుతుంది. ఏడాదికి 4 శాతం చొప్పున పెరిగిందనుకుందాం. 72,000 కాస్తా నాలుగో ఏటికి 81,000 దగ్గరికి చేరుతుంది. మనం కట్టేది 48,000 నుంచి 57,000కు ఎగబాకుతుంది. నాలుగేళ్లకు కలిపి 1,92,000 అనుకున్నది 2,10,000 అవుతుంది. పట్టా ఇంకా బీఎస్సే, తెల్లకోటు ఇంకా కనుచూపు మేరలో లేదు.

పైగా చిన్న అక్షరాల్లో ఓ షరతు: జీపీఏ, అంటే 4కు లెక్కేసే గ్రేడ్ల సగటు, 3.5కు తగ్గకూడదు. ప్రీ-మెడ్ పిల్లల మొదటి సెమిస్టర్ ఎలా ఉంటుందో నీకు తెలియనిదా? జనరల్ కెమిస్ట్రీ 4 క్రెడిట్లు, బయాలజీ 4, క్యాలిక్యులస్ 4, ఇంగ్లిష్ 3. కెమిస్ట్రీలో బి మైనస్, బయాలజీలో బి, క్యాలిక్యులస్‌లో బి ప్లస్, ఇంగ్లిష్‌లో ఏ వచ్చిందనుకో, లెక్క 3.2 తేలుతుంది. ఏడాది చివరికి 3.5కు ఎక్కాలంటే రెండో సెమిస్టర్ 15 క్రెడిట్లలో 3.8 తెచ్చుకోవాలి. ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండో ఏట కాచుక్కూర్చుంటుంది. అదే స్కాలర్‌షిప్ ఇంకో మేజర్ పిల్లాడికి సులువుగా నిలుస్తుంది, సైన్సు పిల్లల దగ్గరే జారిపోతుంది. కోర్సు మళ్లీ తీసుకుంటే కాలేజీ పాత గ్రేడు చెరిపేసినా, మెడికల్ స్కూళ్ల దరఖాస్తు చూసే ఆమ్‌కాస్ రెండు గ్రేడ్లూ లెక్కలోకి తీసుకుంటుంది. స్కాలర్‌షిప్ పోతే మళ్లీ దక్కించుకునే వీలుందా, ప్రొబేషన్ సెమిస్టర్ ఇస్తారా అన్నది నీలో ఎక్కడా లేదు. భూతద్దం పెట్టి వెతికినా లేదు.

వర్క్-స్టడీ 3,000 గురించి రెండు ముక్కలు. అది ఫీజులోంచి తగ్గేది కాదు. క్యాంపస్‌లో ఉద్యోగం వెతుక్కుని, పనిచేసి, జీతంగా తెచ్చుకునేది. ఆగస్టులో వచ్చే బిల్లు కట్టడానికి అక్టోబరు జీతం ఎలా అక్కరకొస్తుంది? పైగా ల్యాబులు, మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్, క్లినిక్‌లో వలంటీరు గంటలు పోగా పిల్లలకు మిగిలే టైమెంత? బయట ఏ సంఘమో 2,000 స్కాలర్‌షిప్ ఇచ్చిందని సంబరపడితే, కొన్ని చోట్ల నీ వాటాలోంచి అంతా కోసేసుకుంటావు. ఇది అన్యాయమని 2017లో మేరీలాండ్ రాష్ట్రం తన పబ్లిక్ కాలేజీల్లో ఈ కోతకు చట్టంతో అడ్డుకట్ట వేసింది. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా బిల్లులోకి తోసేస్తావు. ఇంట్లో ఇన్సూరెన్సు ఉన్నవాళ్లు గడువులోగా 'మాకు అక్కర్లేదు' అని వైవర్ పెట్టకపోతే అంతే సంగతులు.

నీతోపాటు పంపిన బ్రోషర్ సంగతి కూడా చెప్పాలి. 'మా ప్రీ-మెడ్ విద్యార్థుల్లో 90 శాతం మందికి మెడికల్ స్కూల్లో సీటు' అట. దేశం మొత్తం మీద 2023లో అర్జీ పెట్టినవాళ్లు సుమారు 52,000, చేరినవాళ్లు సుమారు 23,000. మరి ఈ 90 ఎక్కడిది? కాలేజీ కమిటీ సిఫార్సు ఉత్తరం, అదే కమిటీ లెటర్, ఇచ్చినవాళ్లనే లెక్కేసి, ఇవ్వనివాళ్లను లెక్కలోంచి తీసేస్తే 90 ఏం ఖర్మ, వంద కూడా చూపించొచ్చు. మొదటి ఏట ఎంతమంది ప్రీ-మెడ్ అన్నారు, చివరికి ఎంతమంది అర్జీ పెట్టారు, ఎంతమందికి కమిటీ లెటర్ నిరాకరించారు? ఈ మూడు అంకెలు చెప్పని శాతాన్ని బ్రోషర్‌లోనే ఉంచుకోండి.

హెచ్-1బి తల్లిదండ్రుల మీద ఆధారపడి హెచ్-4 వీసాలో ఉన్న పిల్లలకైతే నువ్వు ఇంకా ప్రమాదం. వాళ్లకు ఫెడరల్ సాయం అసలే లేదు, 21 నిండితే డిపెండెంట్ హోదా పోయి స్టూడెంట్ వీసా ఎఫ్-1కు మారాలి. విదేశీ విద్యార్థులను తీసుకునే మెడికల్ స్కూళ్లు తక్కువ, తీసుకునేవాటిలో కొన్ని మొత్తం ఫీజు ముందే ఎస్క్రోలో, అంటే ఫీజు కోసం విడిగా కట్టిపెట్టే ఖాతాలో, చూపించమంటాయి. ఆ ఇళ్లలో డిగ్రీకి పెట్టే ప్రతి డాలరూ రెండుసార్లు ఆలోచించి పెట్టాల్సిందే.

ఈ బీఎస్ ఖర్చు గురించి ఎందుకింత గింజుకుంటున్నామంటావా? ముందుంది ముసళ్ల పండగ. 2026 జులై నుంచి కొత్తవాళ్లకు డిగ్రీ తర్వాతి చదువులకిచ్చే గ్రాడ్ ప్లస్ లోన్ లేదు. మెడికల్ స్కూల్‌కు ఫెడరల్ అప్పు ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షల డాలర్లు దాటదు. ప్రైవేట్ మెడికల్ స్కూళ్లలో నాలుగేళ్ల మొత్తం ఖర్చు మూడున్నర లక్షలు దాటడం మామూలే. మిగిలిన లక్షన్నర ఇంటి నుంచి రావాలి, లేదా మళ్లీ ఆ 'ఇతర వనరుల' నుంచే రావాలి. డిగ్రీకే ఇంట్లో కో-సైన్ చేసే శక్తి అయిపోతే, అసలు చదువుకు సంతకం ఎవరు పెడతారు?

అదే వారంలో సొంత రాష్ట్రం పబ్లిక్ యూనివర్సిటీ నుంచి కూడా ఓ ఉత్తరం వచ్చింది. రంగుకాగితాల్లేవు, అభినందనలు ఒకే ఒక్క వాక్యం. ఖర్చు 30,000, గ్రాంటు 5,000, మీరు కట్టాల్సింది 25,000. అప్పులు కింద విడిగా, 'కావాలంటే తీసుకోవచ్చు' అనే శీర్షిక కింద. చూడ్డానికి కరెంటు బిల్లులా ఉంది, కానీ నిజం చెప్పింది. నీకూ దానికీ తేడా ఏడాదికి 23,000, నాలుగేళ్లకు 92,000. బయాలజీ, కెమిస్ట్రీ, ఆర్గానిక్, ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ అక్కడా ఉన్నాయి. ఎంక్యాట్ ఇద్దరికీ ఒకటే, 528కే. తరగతిలో పిల్లలెక్కువ, ల్యాబ్ సెక్షన్ దొరకడానికి పొద్దున్నే లేచి రిజిస్టర్ చేసుకోవాలి, ప్రొఫెసర్ చేత సిఫార్సు ఉత్తరం రాయించుకోవడానికి ఆఫీసు గంటల్లో వరసలో నిలబడాలి. నిలబడతారు.

అయినా నీకు చివరి అవకాశం ఇస్తున్నాం. ఎయిడ్ ఆఫీసుకు ఈమెయిల్ పెడుతున్నాం, జవాబు రాతపూర్వకంగానే కావాలి. ఈ 24,000 నాలుగేళ్లూ ఇస్తారా, లేక మొదటి ఏడాది ఎరేనా? జీపీఏ ఎప్పుడు చూస్తారు, ఏడాది చివరా, సెమిస్టర్ చివరా? గత నాలుగేళ్లలో ఫీజు ఏ ఏడాది ఎంత పెంచారు? బయటి స్కాలర్‌షిప్ వస్తే ముందు అప్పులోంచి తగ్గిస్తారా, గ్రాంటులోంచా? ఇంట్లో ఉద్యోగం పోయినా, వైద్యం ఖర్చు పెరిగినా మళ్లీ లెక్క కట్టే ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ అప్పీలుకు ఏ కాగితాలు కావాలి? ఫోన్లో 'ఏం ఫర్వాలేదండీ' అనే మాట మాకొద్దు.

ఇంత రాశాక నీలో ఒక్క మంచి గుణం కూడా కనిపించింది. చివరి పేజీలో, నీ వంతు వచ్చేసరికి, ముదురు అక్షరాల్లో, ఎక్కడా తికమక లేకుండా రాశావు: మే 1 లోపు 500 డాలర్ల డిపాజిట్ కట్టాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు. అర్థమయ్యేలా రాయడం నీకు వచ్చన్నమాట.

ఇట్లు,
పట్టికలో 'ప్లస్' అనబడే తల్లిదండ్రులు