ముత్యం లావైతే ముద్దే

లావు ఆడవాళ్ళకు బస్సు సీటు ఎంత వెడల్పుండాలో ఈ రాష్ట్రంలో ఎవరూ ఆలోచించలేదు గానీ, వాళ్ళ మెళ్ళో దండ ఎంత పొడుగుండాలన్న విషయంలో మాత్రం నిబంధనలు పక్కాగా ఉన్నాయి. వాటిని అమలు చేసే యంత్రాంగం కూడా బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మా ఇంట్లో ఆ శాఖ మా అత్తమ్మ చేతుల్లో ఉంది. మా నాన్నకు అక్క.

వచ్చే నెల మా తమ్ముడి పెళ్లి. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 84 కిలోలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూసి ఊరుకున్నవాళ్ళు ఇంతవరకు లేరు. అత్తమ్మ కూడా ఊరుకోలేదు. "బంగారం ఏస్తే ఇంకింత నిండుగ కనవడ్తవ్ బిడ్డా. ముత్యాలు ఎయ్యి. సన్నగ చూపిస్తయ్" అని ఉత్తర్వు జారీ చేసింది.

ముత్యంలో ఉండేది చాలావరకు కాల్షియం కార్బొనేటు. సున్నపురాయిలో ఉండేదీ అదే. దానికి మనిషిని సన్నగా చూపించే శక్తే ఉంటే, తాండూరు బండలు పరిచిన ఇళ్ళలో పుట్టి పెరిగిన మేమంతా ఈపాటికి అగ్గిపుల్లల్లా ఉండాలి. ఈ సందేహం నేను అత్తమ్మ ముందు పెట్టలేదు. పెట్టేంత ధైర్యం ఉంటే ఆదివారం పూట ఎండలో అత్తమ్మ వెంట పత్తర్‌గట్టీకి ఎందుకు వెళ్తాను?

చార్మినార్ నుంచి మదీనా చౌరస్తా వైపు నడుస్తుంటే వరసగా ముత్యాల దుకాణాలే. సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉండి, ఆల్చిప్ప మొహం ఎరగని ఊరికి ముత్యాల నగరమని పేరు రావడం హైదరాబాద్‌కే చెల్లింది. ముత్యం ఎక్కడో పుట్టి, ఇక్కడికొచ్చి బెజ్జం వేయించుకుని, దండలో కూర్చోగానే హైదరాబాదీ అయిపోతుంది. ఒకప్పుడు గల్ఫ్ నుంచి బస్రా ముత్యాలు వచ్చేవి. ఇప్పుడు వేలాడేవి చాలావరకు చైనా మంచినీళ్ళ ముత్యాలు. గల్ఫ్‌కి మనవాళ్ళు పోతున్నారు, అది వేరే లెక్క.

షాపాయన ముందుగా 18 అంగుళాల దండ తీశాడు. కొలతల శాస్త్రం ప్రకారం 14 నుంచి 16 అంగుళాలైతే చోకర్, గొంతును పట్టుకుని ఉంటుంది. 18 అయితే ప్రిన్సెస్, కంఠం ఎముకల కింద హాయిగా వాలుతుంది. షాపులో ఉన్న బొమ్మ మెళ్ళో అలాగే వాలింది కూడా. నా మెళ్ళో వేస్తే గొంతు దగ్గరే ఆగి, ఇక దిగనని మొండికేసింది. దండకు అంగుళాలు లెక్కపెట్టిన దొరలు మెడ ఎవరిదో రాయలేదు. నిండు మెడకు పైన ఇంకో రెండంగుళాలు కలుపుకోవాలి, అంతే. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది యువరాణులు అద్దాల ముందు ఊపిరాడక నిలబడ్డారో.

తర్వాత 24 అంగుళాలది. అది ఛాతీ అంచు దాకా వచ్చి, అక్కణ్ణుంచి కిందికి చూసి భయపడినట్టు గాల్లో ఊగుతూ ఉండిపోయింది. రెండడుగులు నడిస్తే గుడిగంట. 36 అంగుళాలది పొట్ట దాకా వెళ్ళింది గానీ పైట పిన్నుకు చిక్కుకుంది. నేనూ షాపాయనా కలిసి విడిపించాం. ఆ అయిదు నిమిషాల గురించి ఎక్కువ రాయను.

ఇక సైజు. అత్తమ్మ సిద్ధాంతం ఏమిటంటే లావు మనిషి సన్న ముత్యాలే వేసుకోవాలి. 3 మిల్లీమీటర్ల దండ తగిలించింది. పెళ్లింటి గోడ మీద చీమల బారు పోతున్నట్టుంది. పూస ఎంత చిన్నదైతే దాని వెనక గోడ అంత పెద్దది. 8, 9 మిల్లీమీటర్లవి వేసుకున్నాక గానీ దండా నేనూ ఒకే మనిషికి చెందినట్టు అనిపించలేదు.

షాపాయన ఆ పెద్ద ముత్యాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని లైటు కిందికి తెచ్చాడు. "చూడండి మేడమ్, ఎంత గుండ్రంగా ఉందో. నిండుగా ఉంది. పైన పొర మందంగా ఉంది, అందుకే ఆ మెరుపు. చేతిలో వేసుకుంటే బరువు తెలుస్తుంది."

గుండ్రం, నిండు, మందం, బరువు. ఈ నాలుగు మాటలూ నేను ఆరో తరగతి నుంచి వింటున్నాను. వాటివల్ల రేటు పెరగడం మాత్రం అదే మొదటిసారి చూడటం. పక్కన ట్రేలో పొడుగ్గా, నాజూగ్గా, బియ్యపు గింజల్లా మరికొన్ని ఉన్నాయి. అవేంటని అడిగాను. "రైస్ ముత్యాలు మేడమ్. చవకవి" అన్నాడు. అత్తమ్మ ఫ్యాన్ వైపు చూసింది.

గోల్కొండ ఆఖరి సుల్తాను తానీషా పాత చిత్రాలు చూడండి. పుష్టిగా ఉన్న మనిషి, ఒంటి నిండా నగలు. భద్రాద్రి రామయ్య కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ ఆయనతోనే మొదలైందని చెప్పుకుంటాం. ఆ దర్బారులో ఎవరూ "హుజూర్, ఒక్క పేటే వేసుకోండి, నడుము తగ్గినట్టు ఉంటుంది" అనలేదు. అని ఉంటే ఆ పెద్దమనిషి తల ఎక్కడుండేదో!

ఈ గొడవంతా మన పాత కంసాలులకు ముందే తెలుసు. గుత్తపూసల హారం వెనక కొక్కెం పెట్టకుండా పట్టు దోరీ పెట్టారు. ఎవరి మెడ వాళ్ళది, లాక్కున్నవాళ్ళకు లాక్కున్నంత. వడ్డాణం ప్రస్తావన కూడా వచ్చింది. నడుము ఎక్కడ మొదలవుతుందన్న దానిపై ఏకాభిప్రాయం కుదరక వాయిదా పడింది.

చివరికి 9 మిల్లీమీటర్లవి, 20 అంగుళాలు ఖాయం చేశాం. షాపు మూలన దండలు గుచ్చే తాత పట్టు దారంతో మొదలుపెట్టాడు. ముత్యానికీ ముత్యానికీ మధ్య ఒక ముడి. దారం తెగినా ఒకటే రాలుతుంది, మిగతావి ఉంటాయి. అదనంగా రెండంగుళాలకు అయిదు ముత్యాలు పట్టాయి, బిల్లు ఆ మేరకు పెరిగింది.

అత్తమ్మ గుండె చెరువైంది. "రెండంగుళాలకు గన్ని పైసలా? ఏమే, ఇంకా నెల ఉన్నది కదా. పొద్దుగాల లేచి పార్కుల నాలుగు రౌండ్లు కొట్టరాదు? మెడ తగ్గుతది, పైసలు మిగుల్తయ్. ఆ అయిదూ తీసెయ్యమను."

తాత కళ్ళజోడు పైకి జరుపుకుని, తల ఎత్తకుండానే అన్నాడు: "ముళ్ళు వేసేశానమ్మా."