నూరు శాతం బ్యాకప్, సున్నా లీటర్ల డీజిల్

తెలుగులో అచ్చవుతున్న కల్పనా సాహిత్యంలో మేటిదానికి బహుమతి ఇవ్వదలచుకున్నవారు కథలనూ నవలలనూ కాసేపు పక్కన పెట్టి, అపార్ట్‌మెంట్ల అమ్మకపు కరపత్రాలను ఒకసారి తిరగేయవలసిందిగా మనవి. వాటిలో వాస్తు హామీకీ పిల్లల ఆటస్థలానికీ మధ్య, పచ్చని అక్షరాలలో, ఒక్క వాక్యం ఉంటుంది: ‘నూటికి నూరు శాతం పవర్ బ్యాకప్’. క్లుప్తత, గాంభీర్యం, వాస్తవంతో ఏ సంబంధమూ పెట్టుకోని నిర్మలత్వం, ఈ మూడూ ఇంత చిన్న చోట ఒదిగిన రచన మరొకటి నాకు కనబడలేదు.

దేనిలో నూరు శాతం అని కొనేటప్పుడు ఎవరూ అడగరు. అడగడం మర్యాద కూడా కాదు. శుభమా అని అడ్వాన్సు చెక్కు ఇస్తున్న చోట డీజిల్ ప్రస్తావన తేవడం పెళ్లిపీటల దగ్గర విడాకుల చట్టం చదివినట్టు ఉంటుంది. గృహప్రవేశమై, పాలు పొంగి, చుట్టాలు వెళ్లిపోయి, మొదటి వేసవిలో మొదటిసారి కరెంటు పోయిన రాత్రి గాని అసలు సంగతి తెలియదు. ఆ నూరు శాతంలో లిఫ్టు ఉన్నది, నడవలో దీపాలు ఉన్నాయి, నీళ్ల మోటారు ఉన్నది, అపార్ట్‌మెంటు పేరును రాత్రంతా రంగులు మార్చి మార్చి చూపే గేటు మీది బోర్డు ఉన్నది. ఇంటి లోపలికి వచ్చేసరికి మిగిలినది హాల్లో ఒక ఫ్యాను, ఎక్కడో ఒక దీపం. ఆ దీపాన్ని ఏ స్విచ్చుకు కలిపారో వైరింగు చేసినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. మా ఇంట్లో అది షోకేసులో కొండపల్లి బొమ్మల మీద పడే దీపమని వెతగ్గా వెతగ్గా తేలింది. వీధంతా చీకట్లో మునిగినా మా ఇంట్లో దశావతారాలు మాత్రం దేదీప్యమానంగా వెలుగుతూ ఉంటాయి. ఆ వెలుతురులో మేము పళ్లెం ఎక్కడుందో చూసుకుని అన్నం తింటాం.

ఇక జనరేటర్. 62.5 కేవీఏ సామర్థ్యం గల యంత్రం ఓ మోస్తరు భారం మీద నడిస్తే గంటకు పది లీటర్ల అటూ ఇటూగా డీజిల్ తాగుతుంది. తాళాలు అప్పగించే రోజున బిల్డరు తన సొంత ఖర్చుతో కొంత డీజిల్ పోయించి, దాన్ని అయిదు నిమిషాలు గర్జింపజేసి, చప్పట్ల మధ్య సంక్షేమ సంఘానికి ధారాదత్తం చేస్తాడు. మరునాటి నుంచి అందులో డీజిల్ పోయించడం ఎవరి బాధ్యత అనే ప్రశ్న తలెత్తుతుంది. వేదాంతులు తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్నలకైనా కొన్ని జవాబులు దొరికాయి గాని, దీనికి మాత్రం ఇంతవరకు దొరకలేదు.

ఆ ప్రశ్న మీదే, బంగాళాఖాతంలో వాయుగుండం తీవ్ర వాయుగుండమై, రేపో మాపో తుపానుగా మారనున్నదని టీవీలు తెరంతా ఎర్రరంగు పూసుకుని ఘోషిస్తున్న ఒక సాయంత్రం, మా సంఘం అత్యవసర సర్వసభ్య సమావేశం జరిపింది. కార్యసూచిలో ఒకే అంశం ఉన్నది. ట్యాంకు ఖాళీ, తుపాను వస్తున్నది, ఏం చేద్దాం? లోకంలో మరెక్కడైనా దీనికి జవాబు ఒక్క మాటలో వచ్చేస్తుంది. మేము చదువుకున్నవాళ్లం.

మొదటి అంతస్తు 101 వారు లేచి, తాము మెట్ల మీదుగానే వస్తామనీ, లిఫ్టు తాగే డీజిల్‌కు తమను డబ్బు అడగడం ఏ న్యాయశాస్త్రం ప్రకారం సబబో చెప్పవలసిందనీ నిలదీశారు. అయిదో అంతస్తు 504 వారు దానికి జవాబుగా, గేటు మీద రంగుల బోర్డు తమ కిటికీలోంచి కనబడదు గనుక దాని వాటా తమకు మినహాయించాలన్నారు. చదరపు అడుగుల లెక్కన వసూలు చేద్దామని ఒకరు, తలల లెక్కన చేద్దామని మరొకరు అనగా, మూడు పడకగదుల వారికీ రెండు పడకగదుల వారికీ మధ్య చాలాకాలంగా రాజుకుంటున్న వర్గపోరాటం ఒక్కసారిగా భగ్గుమన్నది. విద్యుత్తు శాఖలో ఉన్నతోద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న 203 గారు గొంతు సవరించుకుని, జనరేటర్ కరెంటు యూనిట్ ఒక్కింటికి సర్కారు కరెంటుకు మూడింతలకు పైగా పడుతుంది గనుక, ఆర్థికంగా చూస్తే జనరేటరు ఉండీ దాన్ని వాడకపోవడమే అత్యంత లాభసాటి అని సభను ఆలోచనలో పడేశారు. చాలామంది తల ఊపారు.

302 యజమాని డాలస్ నుంచి వీడియో కాల్‌లో హాజరయ్యారు. అక్కడ అప్పుడే తెల్లవారింది. 2021 ఫిబ్రవరిలో మంచు తుపానుకు టెక్సాస్‌లో కరెంటు పోయినప్పుడు తాము ఇంటిల్లిపాదీ కారులో హీటరు వేసుకుని కూర్చున్న వృత్తాంతాన్ని, కారును గ్యారేజీలోంచి ఆరుబయటికి తీశాకే స్టార్టు చేశామన్న జాగ్రత్తతో సహా (లోపలే ఉంచి ఉంటే విషపు పొగ కమ్మి, ఆ కథ చెప్పడానికి ఆయన ఉండకపోయేవారేమో; జనరేటరు పొగకూ ఇదే వర్తిస్తుంది), ఆయన సవిస్తరంగా వినిపించారు. ఇంతకూ మీ వాటా మాటేమిటండీ అని కోశాధికారి అడిగితే, అది అద్దెకున్నవారు చూసుకుంటారని సెలవిచ్చారు. అద్దెకున్నవారు వెనక వరసలో కూర్చుని, అది యజమాని గారు చూసుకుంటారని సవినయంగా మనవి చేశారు.

అప్పుడు కోశాధికారి గారు, నిజాయితీకి పెట్టింది పేరైన మనిషి, లేచి ఒక్క మాటన్నారు: “వంద లీటర్లంటే చిన్న మొత్తం కాదండీ, రేపు ఆడిట్‌లో మాట పడకూడదు. మూడు కొటేషన్లు తెప్పిద్దాం.” డీజిల్‌కు. బంకు బయట బోర్డు మీద రేటు రాసి ఉండే, ఏ బంకుకు వెళ్లినా పైసల్లో తప్ప తేడా కనబడని డీజిల్‌కు. సభ ఒక్క గొంతుతో హర్షించింది. బంకుల పరిశీలనకు ముగ్గురు సభ్యుల ఉపసంఘం ఏర్పడింది, అందులో ఒక మహిళ ఉండాలని సవరణ వచ్చింది, ఉపసంఘం కారు ఖర్చు ఏ పద్దు కింద రాయాలన్న చర్చ మొదలైంది, కరెంటు పోయింది. డాలస్ గారి ముఖం నోరు తెరిచి ఉన్న భంగిమలోనే కొంతసేపు నిలిచి, మాయమైంది. కార్యదర్శి గారు ఫోను వెలుతురులో ‘డీజిల్ ఆవశ్యకతను సూత్రప్రాయంగా ఆమోదించడమైనది’ అని తీర్మానం రాసుకుని, చీకట్లోకి తల తిప్పి వాచ్‌మన్‌ను కేకేశారు. “జనరేటర్ వెయ్యి.”

“డీజిల్ లేదండీ” అన్నాడతను.

సమావేశంలో డీజిల్ గురించి పలికిన అర్థవంతమైన వాక్యం అదొక్కటే. దాన్ని మినిట్స్‌లో రాయలేదు.

జనరేటర్ మీద నమ్మకం పోయినవారు ఇన్వర్టర్‌ను నమ్ముతారు. ఆ నమ్మకానికి లెక్కతో పని లేదు గాని, లెక్క ఉన్నది: 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ల (ఏహెచ్) బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు ఉంటాయి, నష్టాలు పోగా చేతికి వచ్చేది పన్నెండు పదమూడు వందలు. రెండు పాతకాలపు ఫ్యాన్లు, మూడు ఎల్‌ఈడీ దీపాలు నడిపితే ఏడు గంటల ముచ్చట. బ్యాటరీ మళ్లీ నిండాలంటే పది గంటల కరెంటు కావాలి, ఉన్న కరవే అది. ఇంతకూ ఈ లెక్క కొత్త బ్యాటరీది. దసరా ఆయుధపూజ నాడు ఆ బ్యాటరీకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతారు గాని, డిస్టిల్డ్ వాటర్ ఎంత తగ్గిందో మూత మీది సూచిక వంక మాత్రం చూడరు. నీళ్లు ఇంకి, పలకలు తేలి, పూజలందుకుంటూనే అది కన్నుమూస్తుంది.

సరుకుల సంగతి చెప్పనే అక్కర్లేదు. విపత్తు నిర్వహణ సంస్థల వారు ఏటా ఓపికగా చెబుతూనే ఉంటారు: తాగునీరు, టార్చిలైటు, వాడే మందులు, వండకుండా తినగలిగిన తిండి, తడవని సంచిలో కాగితాలు. మనం తుపాను తీరం దాటడానికి నాలుగు గంటల ముందు సూపర్ మార్కెట్టుకు పరుగెత్తి, అగ్గిపెట్టె లేకుండా కొవ్వొత్తులూ, ఫ్రిజ్‌లో తప్ప నిలవని పాల ప్యాకెట్లూ, ఇంటిల్లిపాదికీ మూడు రోజులకు సరిపడా ఐస్‌క్రీమూ తెచ్చుకుంటాం. అటకల మీద అటుకులూ వడియాలూ ఊరగాయ జాడీలూ ఉన్న ఇళ్లలో పుట్టినవాళ్లం, పది నిమిషాల్లో సరుకులు తెచ్చే కుర్రవాడి మోటారు సైకిలును అటక అనుకుంటున్నాం. అతను కూడా అదే వానలో ఉంటాడన్నది మనకు తట్టదు.

తెలియని ప్రాంతం వారైతే సరే అనుకోవచ్చు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేల మందిని పోగొట్టుకున్న తీరం మనది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక విశాఖలో కరెంటు లేక, మోటార్లు ఆగి ట్యాంకులు ఎండి, సెల్ టవర్లు మూగబోయి, పెట్రోలు బంకుల దగ్గరా పాల బూత్‌ల దగ్గరా జనం బారులు తీరారు. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానాన్ని కొబ్బరితో జీడితో సహా నేలమట్టం చేసి రోజుల తరబడి చీకట్లో ఉంచింది. ఈ తేదీలన్నీ తెలిసినవారే, నాలుగు గంటల పాటు కరెంటు పోతుందన్న ఊహ మీద ఇల్లు కడతారు, ఆ ఊహను కూడా సెల్లార్‌లో పెడతారు.

అవును, సెల్లార్‌లో. జనరేటర్ అక్కడ, మీటర్లు అక్కడ, ప్యానెల్ బోర్డు అక్కడ, నీళ్ల సంప్ అక్కడ. భవనం మొత్తంలో వాన నీరు మొట్టమొదట చేరే గుంట ఏదో కొలిచి చూసి, కరెంటుకు సంబంధించిన సమస్తాన్నీ అందులో దించాం. కార్లు మాత్రం తడవకుండా ఫ్లైఓవర్ల మీదికి ఎక్కిస్తాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీద పడి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ వీధులు రోజుల తరబడి నీళ్లలో నిలిచినప్పుడు, ప్రమాదం జరగకుండా కరెంటు ఆపవలసి వచ్చింది. పై అంతస్తుల వారికి పడవలూ హెలికాప్టర్లూ డ్రోన్లూ అన్నం పొట్లాలు తెచ్చాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. అలాంటి నాడు సెల్లార్‌లోని నూరు శాతం బ్యాకప్ నూరు శాతం నీటి అడుగున ఉంటుంది.

ఆ సెల్లార్‌లో మరొకటి కూడా ఉంటుంది. కరపత్రంలో దాని ప్రస్తావన లేదు. లిఫ్టు గుంత పక్కన, మెట్ల కింద, రేకు తలుపు వేసిన ఒక గది. వాచ్‌మన్, అతని భార్య, ఇద్దరు పిల్లలు అందులో ఉంటారు. జనరేటర్ పొగ ముందుగా వెళ్లేది ఆ గదిలోకి. దాని మోత వినేది వాళ్లు. ఆ జనరేటర్ నుంచి ఆ గదికి ఒక్క వైరు కూడా లేదు! గేటు మీద పేరుకు బ్యాకప్ ఉన్నది. ఆరుబయట కుండీలో మొక్క మీద పడే దీపానికి ఉన్నది. యంత్రానికి అడుగు దూరంలో పరీక్షలకు చదువుకుంటున్న పిల్లకు లేదు. కరెంటు పోగానే దానంతటదే జనరేటరు లైనుకు మారే ప్యానెల్ పెడదామంటే ఖర్చెక్కువని కొట్టేశాం, ఎందుకంటే అది మనకు ముందే ఉన్నది, దానికి నెల జీతం ఇస్తున్నాం. వాన కురుస్తున్న అర్ధరాత్రి, సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లలో, వట్టి కాళ్లతో, లైను మార్చే ఇనప హ్యాండిల్ పట్టుకుని తిప్పేది వాచ్‌మన్. నీళ్లలో నిలబడి ప్యానెల్ ముట్టుకుంటే ఏమవుతుందో పైన పడకగదిలోంచి ఫోను చేసి ‘ఏమయ్యా, ఇంకా వెయ్యలేదా’ అని గద్దించే ఇంజినీరుకు తెలియదా? ఏటా వానాకాలంలో ఏదో ఒక పట్నంలో, ఏదో ఒక సెల్లార్‌లో ఒక మనిషి పోతాడు, పేపర్లో లోపలి పేజీలో నాలుగు వరసలు వస్తాయి, మనం కొత్త వాచ్‌మన్ కోసం తెలిసినవాళ్లకు చెబుతాం. లిఫ్టు ఆగితే ఇరవై లీటర్ల నీళ్ల టిన్నులు అయిదంతస్తులు మోసేదీ అతనే. మన అత్యవసర సన్నద్ధత అంటూ ఏదైనా ఉంటే అది అతని మోకాళ్ల మీద నడుస్తున్నది, అతనికి రెయిన్‌కోటు కొనడానికి మనం పోయినేడు కూడా డబ్బు మంజూరు చేయలేదు.

జనరేటర్‌ను, ప్యానెల్‌ను ఎత్తైన దిమ్మె మీదికో పై స్థాయికో మార్చండి. ట్యాంకు సగానికి తగ్గగానే ఎవరినీ అడగకుండా నింపే అధికారం ఒక్కరికి ఇవ్వండి. కొటేషన్లు ఆయన నెత్తిన కొట్టకండి. సెల్లార్‌లో నీరు కనబడిందంటే మెయిన్ ఆపేయాలనీ, ఆ తరువాత ఎవరు ఫోను చేసి అరిచినా కిందికి దిగనక్కర్లేదనీ వాచ్‌మన్‌కు రాసి ఇచ్చి, కింద అందరమూ సంతకాలు పెడదాం. ఆ గదిలోకి ఒక ఫ్యానుకూ ఒక దీపానికీ లైను లాగించండి, ఒక పూట పని అది. హెచ్చరిక వెలువడిన రోజున ఆ కుటుంబాన్ని సామాన్లతో సహా మొదటి అంతస్తులోని సమావేశ మందిరంలోకి మార్చండి. ఉపసంఘాలు కూర్చోవడానికి తప్ప దేనికీ పనికిరాకుండా అది ఏడాదంతా తాళం వేసే ఉంటుంది. తాళంచెవి కార్యదర్శి గారి దగ్గర ఉంటుంది. ఆయన ఆ రోజు ఊళ్లో లేకపోతే తాళం పగలగొట్టండి, కొత్త తాళం ఖరీదు నా మెయింటెనెన్స్‌లో కలపండి.