సగటు చెప్పని లెక్క

మేటి బ్యాటర్ల జాబితా ఎవరు కూర్చినా ముందుగా చూసేది మొత్తం పరుగులు, సగటు. రాహుల్ ద్రావిడ్ 164 టెస్టుల్లో 52.31 సగటుతో 13,288 పరుగులు చేశాడు. మన హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్ 134 టెస్టుల్లో 45.97 సగటుతో 8,781. కాగితం మీద పోటీయే లేదు.

2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో జరిగినదాన్ని ఈ కాగితం మీద ఎక్కడ వెతకాలి? ప్రత్యర్థి వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా. మన జట్టు 274 పరుగులు వెనుకబడి ఫాలోఆన్ (వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగాల్సిన స్థితి) ఆడుతోంది. షేన్ వార్న్ లెగ్‌స్టంప్ బయట గరుకు నేల చూసి తిప్పుతున్న బంతిని లక్ష్మణ్ ఒకసారి కవర్స్ మీదుగా, మరోసారి మిడ్‌వికెట్ వైపు తరలించాడు. నాలుగో రోజంతా ఒక్క వికెట్టూ పడలేదు. లక్ష్మణ్ ఆడిన ఆ 281 పరుగుల ఇన్నింగ్స్‌ను లెక్కలోంచి తీసేస్తే అతని సగటు 44.74 అవుతుంది. ఒక సిరీస్ గతినే మార్చిన ఆట విలువ సగటు దృష్టిలో ఒకటింపావు పరుగు కూడా కాదు!

అది ఒక్కనాటి మెరుపూ కాదు. 2010లో మొహాలీలో 216 పరుగుల ఛేదనలో 124కే 8 వికెట్లు పోయాక, నడుం నొప్పితోనే ఇషాంత్ శర్మ తోడుగా 73 పరుగులతో అజేయంగా నిలిచి గెలిపించాడు. అదే ఏడాది డర్బన్‌లో చేసిన 96 కూడా అలాంటిదే.

సగటు నిలకడకైనా సరైన కొలత కాదు. 17 టెస్టులతో ఆగిపోయిన వినోద్ కాంబ్లీ సగటు 54.20. అతన్ని ద్రావిడ్ కంటే పైన పెట్టేవారు ఉండరు. టెస్టుల్లో మరెవరూ ఎదుర్కోనన్ని 31,258 బంతులను కాచుకున్న ఓపిక ద్రావిడ్‌ది. ఏళ్ల తరబడి ఒక చివర అతడు పాతుకుపోవడం వల్లనే రెండో చివర లక్ష్మణ్ మణికట్టు సొగసులకు చోటు దొరికింది.

మా లెక్కలో ద్రావిడ్‌దే పైమెట్టు. కానీ లక్ష్మణ్ ఆ మెట్టుకు ఎంతో దిగువన లేడు. ఎవరి మీద, ఏ స్థితిలో, ఏ ఇన్నింగ్స్‌లో అన్న ప్రశ్నలు వేయని జాబితాను మేము ఒప్పుకోము. ఈడెన్‌లో ఆ ఇన్నింగ్స్‌కు మూడో స్థానాన్ని లక్ష్మణ్‌కు విడిచి ఆరో స్థానంలో దిగిన ద్రావిడ్, అతనితో కలిసి 376 పరుగులు జోడించాడు. అందులో ఎవరి వాటా ఎంతో ఏ సగటు తేల్చగలదు?