ఎడమ వైపు ఇంజను మౌంటు గారికి

తిరుపతి,
ఆదివారం రాత్రి

మహారాజశ్రీ ఎడమ వైపు ఇంజను మౌంటు గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ ఇక్కడ కుశలంగా ఉన్నవారెవరూ కనిపించడం లేదు. మా అమ్మ నడుముకు కాపడం పెట్టించుకుని పడుకుంది. రేడియేటరు పెరట్లో తులసికోట పక్కన తలకిందులుగా ఆరుతోంది. మా ఆవిడ మధ్యాహ్నం నుంచి నాతో ఏం చెప్పాలన్నా పిల్లల చేత చెప్పిస్తోంది. ఇంజనును కారులో పట్టి ఉంచే రబ్బరు దిమ్మ అయిన తమరు మాత్రం రెండు ముక్కలై నా బల్ల మీద, పాత దినపత్రిక పరుపు మీద, హాయిగా విశ్రాంతి తీసుకుంటున్నారు.

ఈ రోజు పూతలపట్టుకు ఇవతల, ఒక చింతచెట్టు కింద, మూడు గంటల పాటు తమరిని ధ్యానించే భాగ్యం కలిగింది. తోతాపురి కాయలు నింపుకున్న ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల వైపు బారులు తీరి పోతున్నాయి. ప్రతి డ్రైవరూ మా దగ్గరికి రాగానే వేగం తగ్గించడం, బానెట్ ఎత్తిన అంబాసిడర్‌ను చూసి నవ్వడం, వెళ్లిపోవడం. ఒకాయన మాత్రం ఆగి నా చేతిలో నాలుగు మామిడికాయలు పెట్టాడు. ఆ నవ్వులన్నీ మరిచిపోగలను గానీ ఈ జాలిని మరిచిపోలేను. కాణిపాకం వినాయకుడి దర్శనానికని తెల్లవారుజామున తలస్నానాలు చేసి బయలుదేరిన కుటుంబం, రోడ్డు పక్కన కూర్చుని పుల్లటి కాయ కొరుక్కుంటోంది.

“అర అంగుళమే కదా సార్, సర్దుకుంటుంది.”

కారు షెడ్డు మేస్త్రి ఈ మాట అన్నది ఏప్రిల్‌లో. మా నాన్న వదిలివెళ్లిన 1986 నాటి బండిలోంచి అరిగిపోయిన 1,489 సీసీ ఇంజను దించి, విడగొట్టిన మరో అంబాసిడర్‌లోని ఇసుజు 1,817 సీసీ ఇంజను ఎక్కించాలన్నది మా సంకల్పం. దీన్ని పిచ్చి అనకండి. హిందుస్థాన్ మోటార్స్ వారు స్వయంగా 1992లో ఇదే ఇంజనును ఇదే ఆకారంలో కూర్చోబెట్టి అమ్మారు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో కుదిరిన సంబంధం రేణిగుంట రోడ్డు షెడ్డులో ఎందుకు కుదరదు అనుకున్నాను. ఎందుకు కుదరదో విడమరిచి చెప్పే బాధ్యతను తమరు భుజాన వేసుకున్నారు. భుజాన వేసుకోవలసింది ఇంజనునని మాత్రం మరిచారు.

పాత ఇంజనును మూతి దగ్గర పట్టుకుంటే సరిపోయేది. కొత్తదానికి నడుము దగ్గర పట్టు కావాలి. అందుకని అట్టముక్క కత్తిరించి అచ్చు తీశాం. ఆ అచ్చు ప్రకారం ఆరు మిల్లీమీటర్ల ఇనుప పలక కోయించి, నాలుగు వెల్డింగు చుక్కలు పెట్టి, గొలుసు కప్పీతో ఇంజనును దించాం. అర అంగుళం తేడా వచ్చింది. సరే, పైకి లేపాం. ఎయిర్ ఫిల్టరు తల బానెట్‌కు తగిలి మూత పడలేదు. కిందికి దించాం. ఆయిల్ ఛాంబర్ వెళ్లి కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ మీద కూర్చుంది. వెనక్కి జరిపితే గేర్‌బాక్సు తోక దాని మౌంటు రంధ్రాలను దాటిపోయింది. ముందుకు జరిపితే ఫ్యాను రెక్క రేడియేటరు చెవిలో రహస్యం చెప్పేంత దగ్గరికి వచ్చింది. కుడికి జరుపుదామంటే స్టీరింగ్ కడ్డీ.

ఇవన్నీ కుదిరాయనుకున్న రోజున వాలు గుర్తొచ్చింది. ఇంజను తోక మూడు డిగ్రీలు కిందికి వాలితే వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ మూతి కూడా అంతే పైకి చూడాలి. ఈ రెండింటికీ పొత్తు కుదరకపోతే, వాటిని కలిపే షాఫ్టు చివర ఉన్న క్రాసులు ప్రతి చుట్టుకూ రెండుసార్లు వేగం పెంచి తగ్గించి, సీటు కింద నుంచి కందిరీగల తుట్టెలా గుయ్యిమంటాయి. ఇరవై ఏళ్లుగా పదో తరగతి పిల్లలకు త్రికోణమితి చెబుతున్నవాణ్ని. కారు కింద వెల్లకిలా పడుకుని, కంట్లో తుప్పు పడుతుండగా మూడు డిగ్రీలు కొలవడం ఏమిటో నాకు ఈ వేసవిలోనే తెలిసింది.

కాణిపాకంలో స్వామి పెరుగుతూనే ఉంటాడని, ఎప్పుడో చేయించిన వెండి కవచం ఇప్పుడు పట్టదని చిన్నప్పటి నుంచి వింటున్నాం. అది దైవలీల, చేతులు జోడిస్తాను. కానీ నా అర అంగుళానికి ఈ లీల ఎలా అబ్బింది? మే నెలకు అది ముప్పావు అంగుళం. జూన్ మొదటి వారానికి అంగుళంపావు. బ్రాకెట్టు మార్చిన ప్రతిసారీ ఒక చోట మూసిన సందు మరో చోట తెరుచుకునేది. ఆ సన్నిధిలో అబద్ధపు ప్రమాణం చేసినవాణ్ని స్వామి ఊరికే వదలడని కూడా అంటారు కదా. మేస్త్రిని అక్కడికి తీసుకెళ్లి “అర అంగుళమే” అని ప్రమాణం చేయించాలన్నది నా రహస్య పథకం. రమ్మంటే, ఆదివారం తమ్ముడి కూతురి నామకరణం ఉందన్నాడు. తెలివైనవాడు.

తమరి వంశం గొప్పదని ఒప్పుకుంటున్నాను. 1931లో ప్లిమత్ కార్లలో ఇంజను వణుకు కారుకు సోకకుండా రబ్బరు మీద తేలేట్టు అమర్చి, దానికి ‘ఫ్లోటింగ్ పవర్’ అని పేరు పెట్టారు. ఫ్రాన్సులో సిత్రోయెన్ వారు ఆ ఏర్పాటును తెచ్చుకుని, నీటి మీద తేలే హంసను గుర్తుగా పెట్టుకున్నారు. హంస! నా కారులో తమరి విహారం చూసినవాళ్లకు ఎండాకాలం మడుగులో దిగిన గేదె తప్ప మరో పక్షి గుర్తుకు రాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. గొర్రెల మంద దాటాక మొదటి గేరు వేసి కాస్త గట్టిగా తొక్కాను. ఇంజను లోపలి ఇరుసు ఒక వైపు తిరిగితే ఇంజను ఒళ్లు రెండో వైపు ఒరుగుతుంది. మొదటి గేరులో ఆ మెలి మూడు నాలుగు రెట్లు అవుతుంది. కుడి వైపు మౌంటు అణిగింది. రబ్బరుకు అణగడం వచ్చు. ఎడమ వైపు నిన్ను పైకి లాగింది. నీకు లాగుడు చేతకాదు. చేతకాదని ఏప్రిల్‌లోనే చెప్పి ఉంటే ఏం పోయేది? టప్‌మని ఒక చప్పుడు, తర్వాత అంతా మామూలే అన్నట్టు రెండు ఫర్లాంగుల నటన. అడ్డొచ్చిన ఒక గొర్రె కోసం బ్రేకు వేశాను. పట్టు లేని ఇంజను ముందుకు ఊగింది. ఫ్యాను చర్రుమంటూ రేడియేటరును కోసింది. ఆకుపచ్చ నీళ్లు మా అమ్మ పట్టుచీర కుచ్చిళ్ల మీద దాకా చిమ్మాయి. ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఆమె ‘ఏమైందిరా’ అంటూ దిగి ముందుకు వచ్చింది. నువ్వు రబ్బరువా, రాజీనామా పత్రానివా? నీ మీద రెండు వందల కిలోల భారం పెట్టి, వెనక సీట్లో నా తల్లిని కూర్చోబెట్టుకుని రోడ్డెక్కానే, నీకు సిగ్గుగా లేదా?

నిన్ను ఇప్పుడు దీపం కింద పెట్టి చూస్తున్నాను. ఇనుప పలక మీద నుంచి రబ్బరు అరటి తొక్కలా లేచిపోయింది. లేచిన చోట ఒక మూల మాత్రమే గరుకుగా, కొత్తగా ఉంది. మిగతాదంతా నల్లగా, నూనె మెరుపుతో ఉంది. వేలితో నొక్కితే సంకటి ముద్దలో గుచ్చినట్టు దిగబడుతోంది. అంటే ఈ రోజు తెగింది ఆ ఒక్క మూలే. ఇంజను పై మూత అయిన టాపెట్ కవర్ ప్యాకింగు నుంచి చుక్క చుక్కగా కారిన ఆయిలు మిగతాదాన్ని నెల రోజులుగా తింటోంది. ఆ ప్యాకింగు మార్చమని మేస్త్రి చెప్పిన మాట వాస్తవం. వచ్చే నెల చూద్దామన్నది నేను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మొదట్లోనే ఆయన ఇంజనుకూ క్రాస్ మెంబరుకూ మధ్య ఒక గొలుసు కడదామన్నాడు. “ఇదేమైనా ఇటుకల లారీ అనుకున్నావా?” అని నేనే నవ్వాను. 1971లో అమెరికాలో మౌంట్లు తెగి, ఇంజన్లు పైకి లేచి, యాక్సిలరేటరు ఇరుక్కుపోతోందని జనరల్ మోటార్స్ వారు దాదాపు 67 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. పిలిచి ఏం చేశారయ్యా అంటే, ఒక ఉక్కు తీగ కట్టి పంపారు. మా మేస్త్రికి ఈ సంగతి తెలియనివ్వకండి. లేబరు పెంచుతాడు.

నీతో పాటు మరికొందరికీ చీవాట్లు బాకీ ఉన్నాను. బిగించిన మొదటి రోజున ఎర్తు వైరు మరిచాం. ఇంజను రబ్బరు మీద ఉంది కాబట్టి స్టార్టరు కరెంటు వేరే దారి లేక చోక్ తీగ గుండా పోయి, దాని తొడుగును కొవ్వొత్తిలా కరిగించింది. నువ్వుండగా రబ్బరు కన్నా గట్టివైన పాలియురెథేన్ బుష్‌లు తెప్పించిన మా బావమరిది సలహాకు ఒక నమస్కారం. వాటితో నడిపిన రెండు రోజులూ వెనక అద్దంలో లోకమంతా రెండేసిగా కనిపించింది. ఇంజను మార్పుకు రవాణా శాఖ అనుమతి, ఆర్‌సీలో కొత్త నంబరు నీకన్నా ముందే వచ్చాయి. ఒక ప్రభుత్వ కార్యాలయం నిన్ను పరుగులో ఓడించిందంటే ఇక నేను వేరే చెప్పాలా?

అయినా చంద్రగిరి దాటాక ఒక పావుగంట ఉంది చూశారూ. (కోపం దిగింది, మళ్లీ మర్యాదకు వస్తున్నాను.) కోట వెనకబడింది, రోడ్డు ఖాళీగా ఉంది, ముల్లు అరవై మీద నిలిచింది. ముందు పెట్టిన స్టీలు గ్లాసులో నీళ్లు తొణకలేదు. గేరు కడ్డీ మీద చెయ్యి వేస్తే, నిద్రపోతున్న పిల్లి వీపు మీద వేసినట్టు ఉంది. పాత ఇంజనుతో మా నాన్న ముప్పై ఏళ్లు పళ్లు కటకటలాడిస్తూ నడిపిన బండి ఇది. వెనక నుంచి మా అమ్మ, “ఇంజను ఆగిపోయిందేమోరా, చూడు” అంది. ఆ పావుగంట తమరిదే, కాదనను.

శనివారం మళ్లీ షెడ్డుకు వెళుతున్నాం. ఈసారి బ్రాకెట్లను బల్లపరుపుగా కాకుండా రెండు వైపులా లోపలికి వాలుగా కోయిస్తున్నాం, రబ్బరును లాగకుండా నొక్కి ఉంచేలా. బోల్టులన్నీ వదులుగా ఉంచి, ఇంజను నడిపించి, అది తనకు నచ్చిన చోట కూర్చున్నాకే బిగిస్తాం. టాపెట్ కవర్ ప్యాకింగు కొన్నాను. గొలుసు కూడా కొన్నాను.

తమరి స్థానంలో రాబోయేవారు ఈ సాయంత్రమే వచ్చారు. ట్రాక్టరాయన ఇచ్చిన కాయల్లో మిగిలిన రెండింటినీ మా ఆవిడ ముక్కలు కోసి ఉప్పులో వేసింది. ఆ జాడీ పళ్లెం మీద బరువుకు ఆ కొత్త మౌంటు గారినే పెట్టింది. శనివారం దాకా తీయవద్దని పెద్దవాడి చేత కబురు పంపింది.

ఇట్లు,
శనివారం దాకా బడికి నడిచి వెళ్లే
తమ విధేయుడు