బావగారి వాగు విజయం

మా బావగారు ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నారు. హైదరాబాదులో ఆయన ఉండే కాలనీలోని ఆరు స్పీడ్ బ్రేకర్లను జయించడానికి ఆ స్థాయి వాహనం అవసరమే, అందులో నాకు పేచీ లేదు. గేరు రాడ్డు పక్కనున్న బుల్లి లివరు దేనికని అడిగితే మాత్రం "అడవిలో తెలుస్తుంది" అన్నారు.

అడవిలో తెలిసింది. మారేడుమిల్లి దాటాక లోపలి దారిలో ఒక వాగు అడ్డొచ్చింది. నీళ్లు టీ రంగులో ఉన్నాయి, అడుగు కనబడదు. అవతలి గట్టున మేకలు కాస్తున్న పెద్దాయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. బావగారు దాన్ని స్వాగతంగా స్వీకరించారు. ఒకసారి దిగి లోతు చూద్దామన్నాను. "బూట్లు కొత్తవోయ్" అన్నారు.

మనిషి నడిచి దాటలేని ప్రవాహంలోకి బండిని దించకూడదు. అడుగు లోతున పారే నీరు చిన్న కారును తేల్చేస్తుంది. రెండడుగులైతే ఈ ఏనుగుల్లాంటి బండ్లూ కొట్టుకుపోతాయి. తేలాక చక్రాలు నాలుగు తిరిగినా ఒకటే, ఒక్కటీ తిరగకపోయినా ఒకటే. ఆ రోజు వాగు మెల్లగా పారుతోంది కనుక ఈ వ్యాసం రాయగలుగుతున్నాను.

ఆ బుల్లి లివరును లో రేంజ్‌లో, అంటే వేగం తగ్గి లాగే బలం పెరిగే స్థానంలో పెట్టి, ఒకే గేరులో, నడక వేగంతో సాగాలి. బావగారు లివరు జోలికి పోలేదు. నట్టనడుమ క్లచ్ తొక్కి గేరు మార్చారు. బండి ఆగింది. నీళ్లలో ఆగిన ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేయకూడదు కదా, అదీ చేశారు. "ఇంజన్‌లోకి నీళ్లు పోయాయి. గాలైతే నలుగుతుంది సార్, నీళ్లు నలగవు. అందుకే లోపలి రాడ్లు వంగాయి" అని తర్వాత మెకానిక్ చేతులు తుడుచుకుంటూ చెప్పి, బిల్లు ఇచ్చాడు.

పెద్దాయన కబురు పెడితే ట్రాక్టరు వచ్చింది. బావగారు సీటు మీద బాసింపట్టు వేసుకుని, కిటికీలోంచి "బంపరుకి కట్టు, బంపరుకి" అని ఆజ్ఞాపించారు. ట్రాక్టరు కుర్రాడు కట్టాడు, లాగాడు. బంపరు గట్టెక్కింది. జీపు వాగులోనే ఉంది. మేకలు వచ్చి బంపరును వాసన చూసి, తినదగినది కాదని తేల్చుకుని వెళ్లిపోయాయి. కుర్రాడు మళ్లీ దిగి, నీళ్లలో చెయ్యి పెట్టి, బండి కింద లాగడానికని కంపెనీ బిగించిన కొక్కెం వెతికి తాడు మార్చాడు. రెండోసారి జీపు కదిలింది.

"అవతల ఏం పని బాబూ?" అని పెద్దాయన అడిగాడు. పనేమీ లేదు, ఊరికే అన్నారు బావగారు. పెద్దాయన ఇంకేమీ అడగలేదు.

ఊరికే! ఏజెన్సీలో వంతెన లేక, రోడ్డు లేక, నొప్పులు పడుతున్న ఆడవాళ్లను డోలీ కట్టి ఇలాంటి వాగుల్లోంచే మోస్తారు. ఆ మోసేవాళ్లు సరదాకి దిగరు. మా సరదా కోసం నాట్ల రోజుల్లో దమ్ము చేస్తున్న ట్రాక్టరు పూటంతా పని మానుకుని వచ్చింది. సిగ్గుండాలి. పక్క సీట్లో కూర్చున్నాను కాబట్టి నాకూ ఉండాలి.

తర్వాత డప్పుల సంగీతంతో బావగారి వాగు వీడియో వచ్చింది. అందులో బంపరు లేదు, ట్రాక్టరు లేదు. ఇప్పుడు జీపుకు, ఇంజన్‌కు పైనుంచి గాలి అందించే స్నార్కెల్ అనే పొడవాటి గొట్టం బిగించారు, ఇక ఎంత లోతైనా ఫరవాలేదట. బూట్లు ఇంకా కొత్తగానే ఉన్నాయి.